మూడో దెబ్బ

ఆ రాత్రి శ్రీనివాసులు కొట్టిన మొదటి దెబ్బ నాకే తగిలింది. ఆయన కంటి పక్కన అంటించిన తీగ ఊడిపోతే సరిచేద్దామని మంచం మీదికి వంగాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాయి. పిడికిలి మాత్రం సూటిగా వచ్చి నా ఎడమ కంటి కింద దిగింది. కళ్లద్దాలు విరిగి ఒక పెంకు చెంపలో గుచ్చుకుంది. గోడకు కొట్టుకుని కిందపడ్డాను. తల ఎత్తేసరికి ఆయన మోకాళ్ల మీద లేచి, దిండును రెండు చేతులా పట్టుకుని మంచం కమ్మీకేసి బాదుతున్నాడు.

"నా మగ్గం మీద చెయ్యేస్తావా? సంపేస్తా నా కొడకా!"

పక్క మంచం మీద ఆయన భార్య అనసూయమ్మ మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, రెండు మోచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. అరవలేదు, లేవలేదు. ఆ పడుకోవడం చూస్తేనే తెలిసింది, ఇది ఆమెకు కొత్త కాదని.

నా పేరు ప్రేమకుమారి. అప్పుడు, అంటే 1998లో, బెంగళూరులో ఒక ఆసుపత్రి నిద్ర ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మదనపల్లె నుంచి వచ్చి మడివాళలో ఒక పీజీ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకునేదాన్ని. రాత్రంతా మనుషులు నిద్రపోతుంటే మేలుకుని కూర్చోవడం, పొద్దున వాళ్ల నిద్రను కాగితం మీద చదవడం, ఇదే నా ఉద్యోగం. నాకు కోపం ఎక్కువని ల్యాబ్‌లో అందరికీ తెలుసు. దాన్ని దాచుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

శ్రీనివాసులుది కబ్బన్‌పేట. నాలుగు తరాలుగా అక్కడే ఉన్న తెలుగు నేతగాళ్ల కుటుంబం, ఇంటి వెనక షెడ్డులో ఆరు మరమగ్గాలు. వయసు యాభై ఎనిమిది. పగలు చూస్తే మెత్తని మనిషి. చీపురు పట్టుకున్న ఆయాను కూడా 'అమ్మా' అనకుండా పిలవడు. తలకు తీగలు అంటిస్తుంటే, "పెండ్లికి బాసికం కూడా ఇంతసేపు కట్టలేదు తల్లీ" అని నన్ను నవ్వించాడు. ఈ మనిషే ఆరేళ్లుగా నిద్రలో కేకలు వేస్తూ భార్యను కొడుతున్నాడు. ఒకసారి ఆమె ముక్కు విరిగింది, ఇంకోసారి పక్కటెముకలు.

పక్కటెముకలు విరిగినప్పుడు ఆమె అన్న గంగప్ప వచ్చాడు. ఆయన అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చెల్లెల్ని తన ఇంటికి తీసుకుపోయి, బావ మీద పోలీసు ఫిర్యాదు ఇచ్చాడు. "నిద్దర్లో అయ్యేది నాకేం తెలుస్తుందప్పా" అని శ్రీనివాసులు స్టేషన్‌లో ఏడ్చాడట. ఎస్సై బుర్ర గోక్కుని, అయితే డాక్టరు దగ్గర కాగితం తెమ్మన్నాడు. కులపెద్దలు కూర్చుని మాట ఖాయం చేశారు. జబ్బని తేలితే గంగప్ప ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి, అనసూయమ్మ మొగుడింటికి పోవాలి. జబ్బు కాదని తేలితే కేసు నడుస్తుంది, ఆమె అన్న దగ్గరే ఉండిపోతుంది. ఇంతమంది ఇన్ని మాట్లాడుకున్నారు గానీ ఆమెను ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు.

కలలు వచ్చే నిద్రలో మెదడు మేలుకున్నంత చురుగ్గా ఉంటుంది. మూసిన రెప్పల కింద కళ్లు అటూ ఇటూ పరుగెత్తుతాయి. కానీ ఒంట్లో కండరాలు మాత్రం చచ్చుబడిపోతాయి. ఊపిరి ఆడుతుంది, కళ్లు కదులుతాయి, అంతే. అందుకే కలలో మనం ఎవరిని నరికినా పక్కనున్నవాళ్లు క్షేమంగా లేస్తారు. మెదడు అడుగున ఒక చిన్న చోటు ఒంటికి ఆ తాళం వేస్తుంది. కొందరిలో, ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లలో, ఆ తాళం పాడవుతుంది. అప్పుడు కల చేతుల్లోకి, కాళ్లలోకి వచ్చేస్తుంది.

ఈ సంగతి నేను మనుషులకంటే ముందు పిల్లుల్లో చూశాను. మా ల్యాబ్ పెద్ద డాక్టర్ గిరిధర్ గారు అంతకుముందు జంతువుల మీద పనిచేసేవారు. మెదడులో ఆ చోటును సూదితో కాల్చిన పిల్లులు నిద్రలోనే లేచేవి. వీపు వంచి, చెవులు వెనక్కి పెట్టి, గాలిని గోళ్లతో చీల్చేవి. ఒక బూడిదరంగు పిల్లి పంజరం కమ్మీని కొరికి కోరపన్ను విరగ్గొట్టుకుంది. నోటి నిండా రక్తం, అయినా నిద్ర లేవలేదు. దాని ముక్కు ముందు బతికున్న ఎలుకను వదిలితే పట్టించుకోలేదు. ఎలుక పక్కకు పరుగెత్తితే పంజా అటు తిరగలేదు. దాని శత్రువు లోపలే ఉంది, బయట ఉన్నది దానికి కనబడదు. ఆ పని నాకు అసహ్యం. ఏడు నెలలు చేసి, మనుషుల వైపు మార్చమని ఆయనతో గొడవపడి మారాను.

శ్రీనివాసులు పక్కన భార్య కూడా పడుకోవాలన్నది గిరిధర్ గారి నిర్ణయం.

"సార్, ఆమెను కొడతాడు. కొట్టే జబ్బుతోనే కదా వచ్చాడు" అన్నాను.

"ఇంట్లో ఎలా పడుకుంటారో అలా రికార్డ్ చేస్తేనే ఎపిసోడ్ వచ్చే ఛాన్స్ ఎక్కువ, ప్రేమా. వీడియో ఆన్‌లో ఉంటుంది, నువ్వు బయటే ఉంటావు. జస్ట్ వన్ నైట్."

ఆ ఒక్క రాత్రి దెబ్బలు తినేది తను కాదు కాబట్టి ఆయనకు మాట సులువుగానే వచ్చింది. గంగప్ప కూడా "ఒక్క రాత్రే కదమ్మా, ఒకపక్క తేలిపోతాది" అని చెల్లెల్ని వదిలేసి వెళ్లాడు.

నాకు దెబ్బ తగిలింది రెండూ నలభైకి. భుజం పట్టి కుదిపితే శ్రీనివాసులు ఒక్క క్షణంలో మేలుకున్నాడు. తనెక్కడ ఉన్నాడో, ఎవరెవరు ఉన్నారో అన్నీ తెలుసు. కల చెప్పాడు. షెడ్డులో దొంగ దూరి పట్టు కండెలు మూటగట్టుకుంటున్నాడట. నా చెంప మీద రక్తం చూసి వలవలా ఏడ్చాడు. "నేనా తల్లీ? నేను కొట్టినానా?" అంటూ నా కాళ్లు పట్టుకోబోయాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఇప్పటికీ అదే అంటాను. బయటికొచ్చి కాగితం చూస్తే, గడ్డం కింద కండరం గీత చదునుగా ఉండాల్సిన చోట గరుగ్గా లేచి ఉంది, కళ్ల గీతలు పరుగులు పెడుతున్నాయి. తాళం పాడైంది, జబ్బు నిజం.

నాలుగూ పదికి రెండో దెబ్బ. ఈసారి కుక్కల గుంపు వెంటపడిందట. "థూ, పో! పో!" అని అరుస్తూ కాళ్లతో తన్నితే అనసూయమ్మ మంచం మీంచి కిందపడింది. నడుము పట్టుకుని లేవలేకపోయింది. ఆమెను లేపి కూర్చోబెట్టి, రెండు మంచాలనూ దూరంగా జరిపాను. వేరే గదికి రమ్మంటే, "పర్వాలేదు పాపా, ఇంకేం, తెల్లారిపోతుంది" అంది. బయటికొచ్చి కంటికి ఐసు ముక్కలు పెట్టుకుని కూర్చున్నాను. కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది.

మూడో దెబ్బ అయిదూ నలభైకి. లోపల నీళ్ల జగ్గు పగిలిన చప్పుడైంది. పరుగెత్తేసరికి అనసూయమ్మ నేల మీద ఉంది. కింది పెదవి రెండుగా చీలిపోయింది. గడ్డం, మెడ, జాకెట్టు అంతా రక్తం. శ్రీనివాసులు మంచం అంచున కూర్చుని, "మళ్లీ కల తల్లీ, మళ్లీ కల" అంటున్నాడు. ఆమె పెదవికి గుడ్డ అదిమిపట్టి ఎమర్జెన్సీకి నడిపించాను. అయిదు కుట్లు వేశారు. అంతసేపూ ఆమె నా మణికట్టు వదల్లేదు.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి. అప్పట్లో మా దగ్గర ఇదంతా కంప్యూటరులోకి ఎక్కేది కాదు. ఇంకు పెన్నులు పొడవాటి కాగితం మీద గీతలు గీస్తూ పోయేవి, ముప్పై సెకన్లకు ఒక పేజీ, రాత్రికి తొమ్మిది వందలకు పైనే. పొద్దున్నే ఒక్కో పేజీ తిప్పి, మూలన పెన్సిల్‌తో గుర్తు వేయాలి. మెలకువకు ఒక గుర్తు, మామూలు నిద్రకు ఒకటి, కల నిద్రకు ఒకటి. ఇందులో ఒక పద్ధతి ఉంది. కొత్తగా ఏ మార్పూ కనబడనంత వరకు ముందు పేజీకి వేసిన గుర్తే తరువాతి పేజీకీ సాగుతుంది.

మార్పు కనబడాలంటే ముందు పేజీ తిప్పాలి కదా. ఆ పొద్దున నేను ఒంటికంటితో ఎనిమిది వందల అరవై పేజీలు తిప్పాను. తల పగిలిపోతోంది. మిగిలినవి అరవై. మొదటి రెండు దెబ్బలూ కల నిద్రలోనే పడ్డాయి, మూడోదీ కలేనని మనిషే చెప్పాడు. అయిదూ పది దగ్గర మళ్లీ కల నిద్ర మొదలవడం చూశాను. అక్కడి నుంచి చివరిదాకా పేజీలు తిప్పకుండా, కట్ట అంచుకు ఒకటే గీత గీసి, కల నిద్ర అని గుర్తు పెట్టేశాను. గిరిధర్ గారు అప్పటికే పత్రికకు పంపబోయే వ్యాసం హుషారులో ఉన్నారు. "త్రీ ఎపిసోడ్స్! ఒకే రాత్రిలో!" అంటూ నా గుర్తుల మీదే రిపోర్టు రాసి సంతకం పెట్టారు.

వారం తరువాత గంగప్ప, అనసూయమ్మ రిపోర్టు కోసం వచ్చారు. గిరిధర్ గారు రౌండ్స్‌లో ఉన్నారు. నేనే చదివి వినిపించాను. మూడుసార్లూ నిద్రలోనే జరిగిందని, ఆయనకు తెలిసి చేయలేదని, రాత్రికి ఒక మాత్ర వేస్తే చాలావరకు తగ్గుతుందని, కొన్నాళ్లు వేరే గదిలో పడుకోమని చెప్పాను.

గంగప్ప ముఖం వెలిగిపోయింది. "అట్లయితే మా బావ తప్పేమీ లేదు. పాపం, మర్యాదస్తుణ్ణి ఊరికే స్టేషనుకు ఈడ్చినా" అన్నాడు.

అనసూయమ్మ పెదవి మీద కుట్లు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని కదల్చకుండా మెల్లగా అడిగింది. "మూడోది కూడానా పాపా? తెల్లారేటప్పుడు కొట్టింది?"

నాకు చిరాకేసింది. కన్ను వాచిపోయి పనిచేసింది నేను, సందేహం ఈమెకా అనిపించింది. "మూడూ అమ్మా. కాగితం అబద్ధం చెప్పదు" అని కసిరాను.

 ఆమె అన్న వెనకాల మెట్లు దిగి ఆటో ఎక్కింది.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మా ఎమర్జెన్సీ నుంచి ఫోను వచ్చింది, మీ నిద్ర కేసు ఒకటి దెబ్బలతో వచ్చింది, ఫైలు పట్టుకుని రమ్మని. వెళ్లేసరికి స్ట్రెచర్ మీద అనసూయమ్మ. కింది దవడ పగిలింది. ముందు పళ్లు రెండు లేవు. కుడి భుజం ఎముక చర్మం కింద పొడుచుకొచ్చి కనబడుతోంది. షెడ్డులోంచి ఇనప కడ్డీ తెచ్చి కొట్టాడట, చెవి వెనక గాటు ఎముకదాకా తెరుచుకుని ఉంది. జుట్టు రక్తంతో అట్టకట్టింది.

శ్రీనివాసులు బయట బెంచీ మీద ఉన్నాడు, పక్కన కానిస్టేబులు. జేబులోంచి ప్లాస్టిక్ అట్ట వేయించిన కాగితం తీసి చూపిస్తున్నాడు. అది మా రిపోర్టు.

"నిద్దర్లో అయింది అప్పా. అన్నం తిని పది నిముషాలు ఒరిగినా, అంతే. డాక్టరే రాసిచ్చినాడు, చూడండి."

పది నిముషాలు! కల నిద్ర రావడానికి మామూలుగా గంటకు పైనే పడుతుంది. పైగా కళ్లు మూసుకుని షెడ్డులోకి పోయి కడ్డీ వెతికి తెచ్చుకునే నిద్ర ఎక్కడుంది?  ఒళ్లంతా మంటెత్తింది. స్టోర్ గదికి పరుగెత్తి ఆ రాత్రి కాగితాల కట్ట, వీడియో టేపు దించాను.

అయిదూ పది నుంచి తిప్పాను. ఇరవై నిముషాలు కల నిద్ర ఉన్న మాట నిజమే. అయిదూ ముప్పై దాటాక గీత మారింది. తల వెనక అంటించిన తీగ గీతలో సెకనుకు పది అలలు, ఒకే ఎత్తున, వరసగా. కళ్ల పరుగు ఆగిపోయింది. కళ్లు మూసుకుని, కదలకుండా, మేలుకుని పడుకున్న మనిషి గీత అది. ఈ ఉద్యోగంలో చేరిన రోజు నేర్పేది ఆ గీతే, చూడగానే ఎవరైనా చెబుతారు. పదహారు పేజీలు ఉంది, ఎనిమిది నిముషాలు. ఆ తరువాత గీతలన్నీ పేజీ మీద చెల్లాచెదురయ్యాయి. మూడో దెబ్బ అక్కడ పడింది.

టేపు పెట్టాను. ఫ్యాను రొద ఎక్కువని మేమెప్పుడూ శబ్దం తగ్గించే చూసేవాళ్లం. ఈసారి పూర్తిగా పెంచాను. అనసూయమ్మ లేచి రెండు మంచాల మధ్య నిలబడి దుప్పటి మడత పెడుతోంది. గొంతు చిన్నగా వినబడింది.

"కాగితం ఏమన్నా రానీ. నేను మీ ఇంటికి రాను. అన్న దగ్గరే ఉంటా."

మంచం మీద మనిషి కదల్లేదు. ఆమె దుప్పటి మడిచి దిండు మీద పెట్టింది. అప్పుడు ఆయన లేచాడు. పిడికిలి వచ్చింది, ఆమె ఎడమకు తప్పుకుంది. పిడికిలి కూడా ఎడమకు తిరిగింది. రెండో చేత్తో జుట్టు పట్టుకుని, ముఖం తన వైపు తిప్పుకుని నోటి మీద గుద్దాడు. ఆమె చెయ్యి తగిలి జగ్గు పడింది. ఇంకోసారి గుద్దాడు. కేక లేదు, తిట్టు లేదు. నా అడుగుల చప్పుడు దగ్గరికి రాగానే మంచం అంచున కూర్చుని, "మళ్లీ కల తల్లీ" అన్నాడు.

టేపు ఆపాను. కట్ట చంకలో పెట్టుకుని గిరిధర్ గారి గదికి వెళ్లాను. ఆయన పేజీలన్నీ చూశారు. 

"మిగతా రెండూ జెన్యూన్ కదా, ప్రేమా. డయాగ్నసిస్ తప్పు కాదు. అతనికి జబ్బు ఉంది. ఈ మూడోది పేపర్లోంచి తీసేద్దాం."

"మీ వ్యాసంలోంచి తీస్తారు. ఆమె ఒంట్లోంచి ఎలా తీస్తారు సార్?"

"పేజీలు స్కోర్ చేసింది నువ్వు. అది మర్చిపోకు. ఇది బయటికి పోతే ఫస్ట్ నీ జాబ్ పోతుంది."

"నేనే చేశాను. అందుకే నేనే చెబుతాను" అన్నాను. బల్ల మీదున్న గాజు పెన్ను స్టాండు నా చేతికి దొరికింది. విసిరితే ఆయన తల పక్కనుంచి పోయి గోడకు తగిలి ముక్కలైంది. తగిలి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. నా చెయ్యి చూసి నాకే భయమేసింది, అయినా క్షమాపణ అడగాలనిపించలేదు.

అనసూయమ్మను వార్డుకు మార్చారు. దవడకు కట్టు కట్టారు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను. "అమ్మా, ఆ మూడోది నిద్ర కాదు. మేలుకుని ఉండే కొట్టాడు. నేను పేజీలు తిప్పలేదు. తప్పు రాశాను."

ఆమె కట్టు మధ్యలోంచి, పళ్లు విప్పకుండా మాట్లాడింది. ఒక్కో మాటకు ఎంగిలిలో రక్తం కలిసి పెదవి మూలన కారుతోంది.

"నాకు తెలుసు పాపా. నిద్దర్లో కొడితే అరుస్తాడు. మేలుకొని కొడితే సద్దే చెయ్యడు. ఆరేండ్లుగా రెండూ తింటా ఉండా."

"మరి ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

ఆమె కళ్లు మూసుకుంది. కన్నీళ్లు కట్టులోకి ఇంకిపోయాయి. 

వార్డు బయట ఎస్సై, గంగప్ప నిలబడి ఉన్నారు. శ్రీనివాసులును ఏం చేయాలో తెలియక, ఎస్సై ఆ ప్లాస్టిక్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. నేను బెంచీ మీద కట్ట పరిచాను. ఆ రిపోర్టులో మూడో మాట తప్పని, ఆ తప్పు నాదని, రాసి సంతకం చేస్తానని చెప్పాను. టేపు కూడా ఇస్తానన్నాను. నిద్ర గీత ఎలా ఉంటుందో, మెలకువ గీత ఎలా ఉంటుందో పక్కపక్కన పెట్టి వేలితో చూపించాను. ఎస్సై కాగితం రాసుకోవడానికి పెన్ను తీశాడు.

గంగప్ప వంగి ఆ గీతల్ని చాలాసేపు చూశాడు.

"ఇది మెలకువా అమ్మా?"

"మెలకువే."

"బాగా చూసి చెప్పు తల్లీ. నిజంగా మేలుకొనే ఉండాడా?"

"ఉన్నాడు. ఎనిమిది నిముషాలు కళ్లు మూసుకుని మేలుకునే పడుకున్నాడు, ఆమె మాట విన్నాకే లేచి కొట్టాడు."

ఆయన బెంచీ అంచున కాగితాల మీదే కూర్చుండిపోయాడు. లేవమని నేను అనలేదు.

"ఆ పొద్దు మీ దగ్గర రిపోర్టు తీసుకొని పోయేటప్పుడు ఆటోలో చెప్పిందమ్మా" అన్నాడు. "అన్నా, ఆయప్ప మేలుకొనే ఉండాడు, నాకు తెలుసు, నన్ను ఆడికి తీసకపోవద్దు అనింది. నా చెయ్యి పట్టుకొని అనింది."

"మీరేమన్నారు?"

"చదువుకున్నోళ్లకంటే నీకెక్కువ తెలుసా అని చెంప మీద కొట్టినా. కుట్లు తెగి రక్తం కారింది. ఆ రక్తం కొంగుతో తుడుచుకుంటా ఉంటే, అట్లనే తీసకపోయి బావ గడప దాటించి వచ్చినా."

ఎస్సై రాయడం ఆపి మా ఇద్దరివైపూ చూశాడు. ఆ మాట కూడా రాసుకోమన్నాను. గంగప్ప వద్దనలేదు.